మీట్‌బాల్సా, బఠాణీ సూపా, దుంప అట్టా? ఇంట్లో స్వీడిష్ వంట ఎక్కడ మొదలుపెట్టాలి

స్వీడిష్ వంట నేర్చుకోవాలనుందని ఎవరు చెప్పినా, మొదట అడిగేది మీట్‌బాల్స్ గురించే. నేను మాత్రం బఠాణీలతో మొదలుపెట్టమంటాను. గోథెన్‌బర్గ్‌లో ఎనిమిది చలికాలాలు వండుకుని తిన్నాక కుదిరిన అభిప్రాయం ఇది. మీట్‌బాల్స్ బాగుండవని కాదు. చూడ్డానికి తేలిగ్గా కనిపిస్తాయి గానీ కుదరడం కష్టం. పైగా వాటి పక్కన నాలుగు ఉండాలి: ఉడికించిన బంగాళాదుంపలు, క్రీమ్ సాస్, లింగన్ పళ్ల జామ్, వెనిగర్‌లో ఊరిన దోసకాయ ముక్కలు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా కంచం బోసిపోతుంది.

స్వీడన్ ఇళ్లలో రోజూ చేసుకునే సాదా వంటని హూస్‌మన్స్‌కొస్ట్ అంటారు. అందులో పోపు ఉండదు, కారం ఉండదు. ఉప్పు, తెల్ల మిరియాల పొడి, ఆల్‌స్పైస్ (లవంగం, జాజికాయ కలిసినట్టు వాసన వచ్చే ఒక మసాలా గింజ), బిర్యానీ ఆకు, సోయ కూర, వెన్న, అంతే. నాలుకని లేపే పులుపూ తీపీ ఘాటూ అన్నీ పక్కన వడ్డించే వాటిలో ఉంటాయి. ఎవరైనా ఉత్త ముద్దపప్పు తిని తెలుగు భోజనం చప్పగా ఉందంటే మనం ఆవకాయ జాడీ ముందుకి జరుపుతాం కదా, ఇక్కడా అంతే. అందుకే ఏది వండాలో తేల్చుకునేటప్పుడు ముందు చూడాల్సింది మాంసమో చేపో కాదు, దాని పక్కన నంజుకునేది మీకు దొరుకుతుందా లేదా అన్నది.

గురువారం సూప్

ఎర్ట్‌సొప్పా అంటే ఎండు పసుపు బఠాణీల సూప్. స్వీడన్‌లో గురువారం పూట దీన్ని తిని, తర్వాత పాన్‌కేకులు తింటారు. దేశం కాథలిక్‌గా ఉన్న రోజుల్లో శుక్రవారం ఉపవాసం కాబట్టి, ముందురోజు కడుపు నిండా తినేవాళ్లని చెబుతారు. మతం మారి 16వ శతాబ్దంలో లూథరన్ అయినా గురువారం మాత్రం పోలేదు. సైన్యం క్యాంటీన్లలో, మధ్యాహ్న భోజనం పెట్టే హోటళ్లలో ఇప్పటికీ గురువారం ఇదే. 1577లో చెరలో చనిపోయిన 14వ ఎరిక్ రాజుకి విషం కలిపి పెట్టింది కూడా బఠాణీ సూప్‌లోనే అని కథ. 1958లో సమాధి తెరిచి చూస్తే ఎముకల్లో ఆర్సెనిక్ కనిపించింది.

మనకి ఇది మొదటి వంటకంగా ఎందుకు సరిపోతుందంటే, ఇందులో కావలసినవన్నీ ఏ ఊళ్లోనైనా ఉంటాయి. మన కిరాణా కొట్లో తెల్ల బఠాణీ అని ఇచ్చేది, చాట్ బండి మీద ఉడికేది, ఈ జాతిదే. అర కిలో బఠాణీలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, లీటరున్నర కొత్త నీళ్లలో పొయ్యి మీద పెట్టాలి. ఒక ఉల్లిపాయకి రెండు లవంగాలు గుచ్చి అందులో వేయాలి. గంటన్నర సన్నటి మంట మీద ఉడుకుతుంటే పైకి తేలే పొట్టు గరిటెతో తీసేస్తుండాలి. కుక్కర్‌లో పెడితే నాలుగు విజిల్స్ చాలు గానీ పప్పు గుత్తి జోలికి పోవద్దు. సగం బఠాణీలు చితికి, సగం గింజలుగా పంటికి తగలాలి. చివర్లో థైమ్, మరువం చెరో చెంచా. ఈ మరువం మన పూలదండల్లోదే. మల్లెల మధ్య కట్టుకున్న ఆకుని ఇక్కడ ఎండబెట్టి సూప్‌లో వేస్తారని తెలిసిన రోజు నేను ఆ సీసా మూత తీసి చాలాసేపు వాసన చూస్తూ కూర్చున్నాను.

స్వీడిష్ ఇళ్లలో ఉప్పులో ఊరిన పంది మాంసం ముక్క బఠాణీలతో పాటే ఉడికిస్తారు. తినని వాళ్లు మానేయొచ్చు. నెలలో మూడు సార్లు నేను మాంసం లేకుండానే చేస్తాను, దించే ముందు కొంచెం వెన్న వేసి.

మానకూడనిది ఆవ ముద్ద. అది గిన్నెలో వేసి ఉడికించరు. కంచం అంచున చెంచాడు పెట్టుకుని, ఎవరికి కావలసినంత వాళ్లు కలుపుకుంటూ తింటారు, ఎందుకంటే వేడి తగిలే కొద్దీ ఆవ ఘాటు చచ్చిపోతుంది. పనసపొట్టు కూర దించాక ఆవ పెట్టే గోదావరి వాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మ ఇక్కడికి వచ్చిన వేసవిలో మొదటి చెంచా నోట్లో పెట్టుకుని, "ఏమే, ఇది పప్పే కదా! తాలింపు ఒక్కటే లేదు" అంది. తర్వాత ఆవ కలుపుకుంది. ఇక తాలింపు అడగలేదు. ఊరెళ్లాక కూడా ఫోన్‌లో రెండుసార్లు కొలతలు చెప్పించుకుంది.

సూప్ తర్వాత పాన్‌కేక్. ఇక్కడ కొలతలు డెసిలీటర్లలో ఉంటాయి. ఒక డెసిలీటరంటే వంద మిల్లీలీటర్లు. రెండున్నర డెసిలీటర్ల మైదా, ఆరు డెసిలీటర్ల పాలు, మూడు గుడ్లు, అర చెంచా ఉప్పు, మూడు పెద్ద చెంచాల కరిగిన వెన్న. మైదాలో ముందు సగం పాలే పోసి ఉండలు లేకుండా గిలక్కొట్టి, తర్వాత మిగతావి కలపండి. పిండి మజ్జిగలా జారుగా ఉంటే కంగారు పడొద్దు, అలాగే ఉండాలి. పెనం తిప్పి పిండి పరుచుకునేలా చేయాలి, రవ్వ దోసెలా చిలకరించొద్దు. నిలబడి ఒక్కొక్కటీ వేసే ఓపిక లేనివాళ్లకి ఊన్స్‌పన్‌కాకా ఉంది. పిండి మరో అర డెసిలీటరు పెంచి, మొత్తం ఒకే ట్రేలో పోసి, 225 డిగ్రీల ఓవెన్‌లో పాతిక నిమిషాలు. పిల్లలున్న ఇంట్లో వారం మధ్యలో నేను ఎంచుకునేది ఇదే. రుచికైతే పెనం మీద చేసిందే మేలు. అంచుల్లో వెన్నకి వేగి జల్లెడలా అయ్యే ఆ కరకర ట్రేలో రాదు.

దుంపతో నాలుగు దారులు

1724లో యూనస్ ఆల్‌స్ట్రోమర్ అనే వ్యాపారి అలింగ్సోస్ ఊరి పొలాల్లో బంగాళాదుంప వేయించాడు. 1748లో ఏవా ఏకెబ్లాడ్ దుంప నుంచి పిండి, సారా తీసే పద్ధతి చెప్పి, స్వీడన్ రాయల్ సైన్స్ అకాడమీలో చోటు దొరికిన మొదటి స్త్రీ అయింది. ఇవాళ దుంప లేని స్వీడిష్ వంటిల్లు లేదు. దుంపతో చేసేవి ముఖ్యంగా నాలుగున్నాయి. పేర్లు వినగానే కలగాపులగం అయిపోతాయి కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

రోరాకుర్ అన్నిటికంటే సులువు. దుంప తురుము, ఉప్పు, వెన్న, అంతే. మైదా లేదు, గుడ్డు లేదు. ఇందులో కిటుకంతా నీటి దగ్గరుంది. తురుముని పల్చటి గుడ్డలో వేసి గిన్నె మీద పిండండి. ఐదు నిమిషాలు ఆగితే ఎర్రబారిన నీటి అడుగున తెల్లటి గంజి పేరుకుంటుంది. పైనున్న నీళ్లు వంపేసి ఆ గంజిని మళ్లీ తురుములో కలపండి. అట్టు విడిపోకుండా పట్టి ఉంచేది అదే. వెన్న నురగ అణిగి చిటపటలు నెమ్మదించాక గుప్పెడు తురుము పెనం మీద వేసి, మధ్యలో పల్చగా, అంచులు చిందరవందరగా వదిలేయండి. ఆ చిందిన పోగులే ముదురు బంగారు రంగుకి వేగి కరకరలాడతాయి. పక్కన పుల్లటి క్రీమ్, సన్నగా తరిగిన ఎర్ర ఉల్లిపాయ. పండగ పూటైతే కాలిక్స్ తీరంలో పట్టే చిన్న చేపల నారింజ రంగు గుడ్లు, లేని రోజున లేనట్టే. గుడ్డు తినని ఇంటికి స్వీడిష్ వంటల్లో ఇంతకంటే మంచి ఎంపిక నాకు తెలీదు.

రగ్‌మున్క్ దీనికి అక్క లాంటిది. ఎనిమిది వందల గ్రాముల దుంపకి ఒకటిన్నర డెసిలీటర్ల మైదా, మూడు డెసిలీటర్ల పాలు, ఒక గుడ్డు, చెంచా ఉప్పు. పిండి ముందే కలిపి పెట్టుకోవచ్చు గానీ దుంప మాత్రం పెనం వేడెక్కాకే తురమాలి, లేదంటే నల్లబడుతుంది. ఇది నాకు నేర్పింది మా పై అంతస్తులో ఉండే ఎనభై దాటిన పెద్దావిడ. ఇక్కడ 1960ల చివరి నుంచి చిన్నా పెద్దా అందరూ ఒకరినొకరు పేరుతో, ఏకవచనంలోనే పిలుచుకుంటారు. ఆవిడని అలా పిలవడానికి నాకు రెండేళ్లు పట్టింది. గరిట ఎత్తి పోస్తున్నప్పుడు పిండికన్నా తురుమే ముందు జారాలని ఆవిడ లెక్క. పిండి ముందు జారితే దుంప చాల్లేదన్నమాట. దీని పక్కన వేయించిన పంది మాంసం, లింగన్ జామ్. మాంసం మానేసినా ఫర్వాలేదు, జామ్ మానేస్తే మాత్రం రగ్‌మున్క్ మెత్తటి దుంప అట్టుగా మిగిలిపోతుంది. రెండింట్లో ఒకటే చేయగలిగితే, జామ్ ఉన్న ఇంట్లో రగ్‌మున్క్, లేని ఇంట్లో రోరాకుర్.

మిగతా రెండూ ఉడికించేవి, కుడుముల్లాంటివి. క్రొప్‌కాకుర్ దక్షిణాది వంట. ఓలండ్ దీవి వాళ్లు ఎక్కువగా పచ్చి దుంప వాడతారు, బూడిద రంగులో గట్టిగా వస్తుంది. స్మోలండ్ వాళ్లు ఉడికిన దుంప వాడతారు, తెల్లగా మెత్తగా ఉంటుంది. లోపల పంది మాంసం, ఉల్లిపాయ, ఆల్‌స్పైస్ పూర్ణం. పాల్ట్ ఉత్తరాన పీతెయో ఊరి వైపు వంట. పచ్చి దుంపతో బార్లీ పిండి కలుపుతారు, ఉప్పు నీళ్లలో ముప్పావు గంట పైనే ఉడుకుతుంది. వేడివేడిగా మధ్యలో చీల్చి వెన్న పెట్టి, లింగన్ జామ్‌తో తింటారు. తిన్నాక వచ్చే మత్తు నిద్రకి పాల్ట్‌కోమా అని ఒక మాటే ఉంది. మొదటిసారి చేసేవాళ్లకి స్మోలండ్ పద్ధతి మేలు. ఉడికిన దుంప ముద్ద చెప్పినట్టు వింటుంది, పచ్చి దుంపైతే నీరు ఊరి పూర్ణం మీద పగులుతుంది. అయినా నా మనసు పాల్ట్ వైపే. మిగిలిన వాటిని మర్నాడు ముక్కలు కోసి వెన్నలో వేయిస్తే బార్లీ వాసన వంటిల్లంతా నిండుతుంది.

ఈ నాలుగింటిలో దేనికీ కొత్త దుంప పనికిరాదు, నీరెక్కువ. దాన్ని సోయ కూర కాడలతో ఉప్పు నీళ్లలో ఉడికించి, జూన్‌లో మిడ్‌సొమ్మర్ పండగనాడు తింటారు.

మీట్‌బాల్స్ మీదే మనసుంటే

సరే, షొట్‌బుల్లార్ చేద్దాం. అర కిలో ఖీమాకి ఒక డెసిలీటరు బ్రెడ్ పొడి, ఒకటిన్నర డెసిలీటర్ల పాలు, ఒక గుడ్డు, సన్నగా తురిమి వెన్నలో మగ్గించిన ఉల్లిపాయ, చెంచా ఉప్పు, తెల్ల మిరియాల పొడి, చిటికెడు ఆల్‌స్పైస్. అది దొరక్కపోతే లవంగం, మిరియాలు, చిన్న జాజికాయ ముక్క కలిపి నూరండి. బ్రెడ్ పొడి పాలల్లో పది నిమిషాలు ఉబ్బాకే మాంసం కలపాలి. ఉండలు గట్టిపడేది చాలాసార్లు ఈ పది నిమిషాలు ఆగకపోవడం వల్లే. తడి చేత్తో చిన్నగా చుట్టి, వెన్నలో వేయిస్తూ మూకుడునే ఆడించాలి. గరిటె పెడితే చదునుగా అయిపోతాయి.

స్వీడన్‌లో ఎక్కువగా గొడ్డు మాంసం, పంది మాంసం సగం సగం వాడతారు. కొవ్వు పంది మాంసం నుంచి వస్తుంది. చికెన్ ఖీమాలో ఆ కొవ్వు ఉండదు కాబట్టి ఇంకో రెండు చెంచాల క్రీమ్ కలపండి. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఐకియా దేశంలోనే తన మొదటి దుకాణం తెరిచినప్పుడు అక్కడి రెస్టారెంట్‌లో పెట్టినవి చికెన్ ఉండలు, కూరగాయల ఉండలే. చాలామంది తెలుగువాళ్లకి ఈ వంట పరిచయమైంది అలాగే. చికెన్ ఫర్వాలేదు. మటన్ ఖీమా మాత్రం దీనికి వద్దు. ఆ వాసన ముందు క్రీమ్ సాస్ నిలబడదు.

మటన్ తినే ఇంటికి నేను చెప్పేది కోల్‌దొల్మార్, క్యాబేజీ ఆకు చుట్టలు. 1709లో పోల్తావా యుద్ధంలో ఓడిపోయి ఐదేళ్లు ఒట్టోమన్ రాజ్యంలో తలదాచుకున్న 12వ కార్ల్ రాజు పరివారం వెంట దోల్మా, అంటే ద్రాక్షాకు చుట్టల వంట, స్వీడన్ చేరిందని చెబుతారు. చల్లటి దేశంలో ద్రాక్షాకుకి బదులు క్యాబేజీ వచ్చింది. లోపల ఖీమాతో పాటు ఉడికిన అన్నం కూడా పెడతారు. పైన కాస్త పాకం రాసి ఓవెన్‌లో పెడితే అంచులు మాడీమాడకుండా తియ్యగా వేగుతాయి. ఉండలు గుండ్రంగా రావాలన్న బెంగ లేదు, పదినిమిషాలు అటూఇటూ అయినా పాడవదు. అతిథులొచ్చే రోజున నా ఓటు దీనికే.

ఇక నంజుకునేవి. లింగన్ చిన్నగా, ఎర్రగా, పుల్లగా ఉండే అడవి పండు. పళ్లని పొయ్యి ఎక్కించకుండానే చక్కెరతో కలిపి, కరిగేదాకా తిప్పి సీసాలో పెట్టేస్తారు. అందులో సహజంగా ఉండే బెంజోయిక్ యాసిడ్ వల్ల అది చెడిపోదు. ఊళ్లో దొరక్కపోతే వానాకాలంలో వచ్చే వాక్కాయలు తీసుకుని, గింజలు తీసి, చక్కెరతో పది నిమిషాలు ఉడికించండి. రంగు కూడా కలుస్తుంది, పులుపు ఒక పిసరు ఎక్కువే. స్ట్రాబెర్రీ జామ్ మాత్రం పెట్టొద్దు. అందులో తీపే గానీ వెన్నని కోసే పులుపు ఉండదు.

దోసకాయకి, హెర్రింగ్ చేపకి వాడే ఊరనీళ్ల కొలత ఒకటి, రెండు, మూడు: ఒక పాలు ఎట్టికా అనే వెనిగర్, రెండు పాళ్లు చక్కెర, మూడు పాళ్లు నీళ్లు. ఇక్కడ జాగ్రత్త. ఎట్టికా 12 శాతం ఘాటు ఉంటుంది. పక్కనే అచ్చం అలాంటి సీసాలో 24 శాతందీ అమ్ముతారు, చీటీ చదివి కొనండి. మన ఊరి వెనిగర్ 4 శాతమైతే లెక్క తిరగబడుతుంది: మూడు పాళ్లు వెనిగర్, ఒక పాలు నీళ్లు, రెండు పాళ్లు చక్కెర. దోసకాయ చక్రాలు పల్చగా తరిగి, ఉప్పు చల్లి, బరువు పెట్టి నీరు కార్చాక ఇందులో వేస్తే గంటలో ఊరుతుంది.

చేప

చేప విషయం క్లుప్తంగా చెప్పేస్తాను. గ్రావ్‌లాక్స్ అంటే ఉప్పు, చక్కెర, సోయ కూరలో రెండు రోజులు ఊరబెట్టిన పచ్చి సాల్మన్. పొయ్యి ముట్టించే పనే లేదు గానీ, చేప ఎక్కడిదో తెలియాలి, సముద్రంలో పట్టినదైతే ముందు మైనస్ 18 డిగ్రీల్లో కనీసం 3 రోజులు గడ్డకట్టించి ఉండాలి. ఆ నమ్మకం లేని చోట చేయొద్దని ఖరాఖండిగా చెబుతాను. క్రిస్మస్ బల్ల మీద ఉండే యాన్సన్స్ ఫ్రెస్టెల్సె దానికన్నా మేలు. అగ్గిపుల్లల్లా తరిగిన దుంప, ఉల్లిపాయ, క్రీమ్, మధ్యలో అన్‌షూవిస్ చేప, 225 డిగ్రీల్లో ముప్పావు గంట. దుంప కడగొద్దు, దాని గంజితోనే క్రీమ్ చిక్కబడుతుంది. ఆ పేరు విని ఉప్పులో ఊరబెట్టే ఆంకోవీ చేప అనుకోకండి. ఇది స్ప్రాట్ అనే చిన్న చేప, చక్కెర, మసాలా కలిపి తియ్యగా ఊరబెట్టింది. నా మొదటి క్రిస్మస్‌కి ఇటలీ ఆంకోవీ డబ్బా తెచ్చి వేశాను, ఉప్పు కషాయమై ట్రే మొత్తం పారేయాల్సొచ్చింది. అన్‌షూవిస్ డబ్బా దొరకని ఊళ్లో ఈ వంట జోలికి వెళ్లకండి.

తీపి

క్లడ్‌కాకా ముందు. బేకింగ్ పౌడర్ వేయని చాక్లెట్ కేక్ ఇది, మధ్యలో పచ్చిపచ్చిగా బంకగా ఉండడమే దాని అందం. వంద గ్రాముల వెన్న, రెండు గుడ్లు, రెండున్నర డెసిలీటర్ల చక్కెర, ఒకటిన్నర డెసిలీటర్ల మైదా, నాలుగు పెద్ద చెంచాల కోకో, 175 డిగ్రీల్లో పద్దెనిమిది నిమిషాలు. గిన్నె ఒకటి, గరిటె ఒకటి. పొంగలేదని బెంగ పడే అవసరమే లేని కేక్.

కనేల్‌బుల్లార్‌కి, అంటే దాల్చినచెక్క బన్నులకి, ఒక పూట కావాలి. అక్టోబర్ 4న వాటికి ప్రత్యేకంగా ఒక రోజే ఉంది, 1999 నుంచి. ఐదు డెసిలీటర్ల పాలు 37 డిగ్రీలకి, అంటే వేలు పెడితే వేడీ చల్లనా తెలియనంతకి, కాచాలి. యాభై గ్రాముల పచ్చి ఈస్ట్, నూటయాభై గ్రాముల వెన్న, ఒక డెసిలీటరు చక్కెర, రెండు చెంచాల యాలకులు, సుమారు ఎనిమిది వందల గ్రాముల మైదా. దాల్చినచెక్క లోపల పూసే వెన్నలో ఉంటుంది. కానీ పిండికి ప్రాణం యాలకులు. పొడి ప్యాకెట్ కొనకుండా గింజల్ని రోట్లో బరకగా దంచండి, కొరికినప్పుడు పంటి కింద పగలాలి. ఈ వాసన పుట్టింటిది కాబట్టి, మనవాళ్లకి చేయి దానంతటదే తిరుగుతుంది. ముద్దలో గుడ్డు ఉండదు, పైన పూసే గుడ్డుకి బదులు పాలు పూస్తే గుడ్డు తినని వాళ్లకీ పెట్టొచ్చు. తొందరుంటే క్లడ్‌కాకా, ఆదివారమైతే బన్నులు. బాదం ముద్ద, క్రీమ్ పెట్టే సెమ్లా ఆ బన్నులు చేయి పట్టాకే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఈనిన ఆవు ముర్రుపాలతో ఇక్కడి పల్లెల్లో కల్వ్‌దాన్స్ అని చేస్తారు, ఓవెన్‌లో గట్టిపరిచి జామ్‌తో తింటారు. అక్షరాలా మన జున్నే, బెల్లం, మిరియాలు లేకుండా. ముర్రుపాలు దొరికే ఇంట్లో ఉన్నవాళ్లు ఈ ఎంపికలన్నీ పక్కన పెట్టి ముందు అదే చేయండి.

ఎవరైనా స్వీడన్ నుంచి వస్తున్నారని తెలిస్తే ఏం తెమ్మనాలి? బఠాణీలు వద్దు, ఆవ ముద్ద వద్దు, యాలకులు అసలే వద్దు. లింగన్ జామ్ ఒక సీసా, బన్నుల మీద చల్లే ముత్యాల చక్కెర ఒక పెట్టె, ఆల్‌స్పైస్ చిన్న డబ్బా. బరువు ఇంకా మిగిలితే పాల్ట్ కోసం బార్లీ పిండి.